అడిగే ముందు ఆ ఇంటి సంగతి తెలియాలి

మా సంఘం తరఫున ఇంటింటా బోధించే సేవకి, అంటే మిషన్‌కి, వెళ్ళబోయే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది పాఠాలు ఎలా చెప్పాలి అని. పాఠం చెప్పడం ఎవరికైనా కొన్ని వారాల్లో వచ్చేస్తుంది. పాఠం చివర మనం అవతలివాళ్ళని అడిగే మాట ఉంటుందే, బరువంతా దాన్లో ఉంటుంది. ఆదివారం సంఘానికి వస్తారా? టీ మానేస్తారా? సంపాదనలో పదో వంతు ఇస్తారా? బాప్తిస్మం తీసుకుంటారా? ఒక్కో ప్రశ్నకి ఒక్కో ఇంట్లో ఒక్కో ఖరీదు. ఆ ఖరీదు తెలుసుకోకుండా అడిగే హక్కు మిషనరీకి లేదని నేను నమ్ముతున్నాను. ఈ మాట మా సంఘంలోనే కొందరికి నచ్చదు. బయటివాళ్ళలో చాలామంది, మేం ఇలా ఆలోచిస్తామంటేనే నమ్మరు. ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్లు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది కానీ, పూర్తి పేరే వాడమని అప్పటి మా సంఘ అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ 2018లో కోరారు. 1830లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఈ సంఘం తెలుగువాళ్ళ దగ్గరికి వచ్చిన తీరు నాకు చాలా ఇష్టం. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అనే మన దంపతులు సమోవాలో ఉద్యోగరీత్యా ఉంటూ అక్కడే సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకి బోధించారు. ఎల్సీ గారి తండ్రి శ్రీనివాసం గారు బాప్టిస్టు పాస్టరు, బైబిలుతో పాటు మేం లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఆయనే. దేశం మొత్తంలో మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ ఒకే కుటుంబం. ఎవరింట్లో ఏ మాట ఎంత దూరం వెళ్తుందో వాళ్ళకి పుట్టుకతో తెలుసు. బయటి నుంచి వచ్చే నాలాంటి మిషనరీకి అది తెలియదు, తెలుసుకోవాలి.

నాది రాజమండ్రి. అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు పద్దెనిమిది నెలలు సేవ చేస్తారు. నన్ను వేసిన ఏరియా హైదరాబాదుకి తూర్పు అంచున, హయత్‌నగర్ వైపు. అక్కడి సభ్యుల్లో చాలామందికి సొంతూళ్ళు నల్గొండ జిల్లాలో, కొందరికి పాలమూరు వైపు. ‘మా చిన్నమ్మ వాళ్ళు వింటమన్నరు, ఒకసారి పోయి రాండ్రి’ అని వాళ్ళు పంపితేనే వెళ్ళేవాళ్ళం. తెలియని ఇంటి తలుపు తట్టే పద్ధతి మాకు లేదు. నల్గొండ బస్సెక్కితే కండక్టరు ఆధార్ కార్డులో ఆంధ్రా అడ్రసు చూసి నాకు టికెట్ కొట్టేది. మహాలక్ష్మి జీరో టికెట్ తెలంగాణ ఆడవాళ్ళకే కదా. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి దాటేసరికి పక్క సీటు ఆవిడకి మా బట్టల మీద నల్ల బ్యాడ్జీ ఏంటో, మేం ఎవరి పిల్లలమో, పెళ్ళిళ్ళు ఎందుకు కాలేదో అన్నీ తెలిసిపోయేవి.

రోజు ఎలా గడిచేదో కూడా చెప్పాలి. పొద్దున ఆరున్నరకి లేవడం, అరగంట వ్యాయామం, టిఫిన్, ఒక్కరమే కూర్చుని లేఖనాలు చదువుకోవడం, తర్వాత కంపానియన్‌తో, అంటే జతగా వేసిన తోటి మిషనరీతో, కలిసి చదవడం. పదికల్లా గదికి తాళం వేసి రోడ్డెక్కాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా తిరిగొచ్చి పదిన్నరకి లైటు ఆర్పాలి. కంపానియన్ లేకుండా గడప దాటకూడదు. నాకు మొదట తమిళనాడు అమ్మాయి, తర్వాత నాగాలాండ్ అమ్మాయి. మగవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్లో పాఠం చెప్పకూడదు, ఇంకో పెద్దావిడ ఉండాలి. సోమవారం బట్టలుతుక్కోడానికి, సరుకులకి, ఇంటికి ఫోన్ చేయడానికి. వారం వారం ఫోన్ చేసుకోనివ్వడం 2019లో మొదలైంది. అంతకుముందు వెళ్ళినవాళ్ళు క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ తప్ప ఇంట్లోవాళ్ళ గొంతు వినకుండానే సేవ చేశారు. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుందని టెన్షన్ ఉండేది. జీతం లేదు. మా కుటుంబాలు కూడబెట్టిన డబ్బు, చాలకపోతే సంఘం నిధి.

ఇక టీ సంగతి. 1833లో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో జోసెఫ్ స్మిత్‌కి వచ్చిన ప్రకటనని మేం జ్ఞాన వాక్యం అంటాం. మద్యం, పొగాకు, టీ, కాఫీ ముట్టుకోం. అమెరికాలో ఒక ఇంట్లో టీ వద్దంటే ‘సరే, జ్యూస్ ఇవ్వనా’ అంటారు, అక్కడితో అయిపోతుంది. నార్కట్‌పల్లి దగ్గర ఒక ఊళ్ళో ఎస్సీ కాలనీకి వెళ్ళి, పొయ్యి మీద ఛాయ్ పెట్టాక ‘వద్దమ్మా’ అంటే ఆ మాట అక్కడితో ఆగదు. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతిని కళ్ళారా చూసిన మనుషులు వాళ్ళు. పెద్దింటివాళ్ళు గడప బయట నిలబడి పని చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోవడం చూస్తూ పెరిగినవాళ్ళు. అలాంటి ఇంట్లో తెల్లటి చుడీదార్ వేసుకుని దేవుడి మాట చెప్పడానికి వచ్చిన పిల్ల టీ తాగనంటే, వాళ్ళకి గుర్తొచ్చేది జ్ఞాన వాక్యం కాదు. మేం పాటించే ఆజ్ఞకి బాధ వాళ్ళు పడతారు.

ఇది నాకు మా ఉపశమన సమాజంలోని ఒక అక్క నేర్పింది. ఉపశమన సమాజం అంటే మా సంఘంలో ఆడవాళ్ళ సంస్థ. ఆ అక్క సొంతూరు నకిరేకల్ దగ్గర. మమ్మల్ని మొదటిసారి పంపే ముందే కూర్చోబెట్టి చెప్పింది: ‘ఇంట్లకు పోంగనే మీరే మంచినీళ్ళు అడుగుండ్రి. వాళ్ళ చెంబుతోనే తాగుండ్రి. కింద గూసోమంటే కింద గూసోండ్రి. ఛాయ్ ముచ్చట తర్వాత జెప్పొచ్చు.’ అలాగే చేశాం. నీళ్ళు అడగ్గానే ఆ ఇంటి పెద్దావిడ చెంబు తోముకొచ్చి, ‘భగీరథ నీళ్ళే బిడ్డా, బోరు నీళ్ళు కావు, భయపడకు’ అంది. ఫ్లోరైడ్ నీళ్ళతో తరాల తరబడి నడుములు వంగిపోయిన జిల్లా అది. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక కూడా చుట్టానికి నీళ్ళిచ్చేటప్పుడు ఆ భయం పోలేదు. ఆ నీళ్ళు తాగాక టీ ఎందుకు తాగమో చెబితే ఆవిడ సులువుగానే తీసుకుంది. తర్వాత మేం వెళ్ళినప్పుడల్లా బత్తాయి కోసి పెట్టేది. నల్గొండలో బత్తాయికేం లోటు!

మిషనరీలకి ఇచ్చే గైడ్ పుస్తకం మంచిది. నేను దాన్ని గౌరవిస్తాను. వినేవాళ్ళని ప్రశ్నలడగమని, వాళ్ళ జవాబు వినమని అది చెబుతుంది. పాఠం చివర ఒక పని చేయమని ఆహ్వానించమని కూడా చెబుతుంది. చెంబుతో నీళ్ళు తాగడం మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. నకిరేకల్ అక్కలాంటివాళ్ళ దగ్గర ఉంటుంది.

ఇంకో సంగతి. మా మాట వింటామన్న ఇళ్ళలో చాలావరకు అప్పటికే క్రైస్తవులవే. నల్గొండలో బాప్టిస్టు మిషన్ 1890 ప్రాంతంలో మొదలైంది, పాలమూరులో దానికి కొంచెం ముందే. మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్ళు దేవరకొండ, వనపర్తి, గద్వాల, జడ్చర్ల దాకా సంఘాలు, బళ్ళు, ఆసుపత్రులు పెట్టారు. కతోలికులకి నల్గొండలో సొంత డయోసిస్ ఉంది. నాలుగు తరాలుగా బైబిలు వింటున్న ముసలమ్మ ముందు కూర్చుని, ఇరవై రెండేళ్ళ నేను ‘దేవుడు మన తండ్రి’ అని మొదటి పాఠం మొదలుపెట్టడం మర్యాద కాదు. అందుకే ముందు వాళ్ళనే చెప్పమనేవాళ్ళం. పాలమూరులో అక్షరం రాని ఒక అవ్వ కీర్తనలు ఒకదాని వెంట ఒకటి నోటికి చెప్పింది. ఆ తర్వాత నేను 1820లో పద్నాలుగేళ్ళ జోసెఫ్ స్మిత్ ఏ సంఘంలో చేరాలో తెలియక అడవిలోకి వెళ్ళి ప్రార్థన చేసిన సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, ‘పిలగాడు మంచిగనే అడిగిండు’ అంది. ఆవిడ తన సంఘం వదిలి మాతో రావాలంటే తన భర్తని పూడ్చిన సమాధుల తోటని, పెళ్ళయిన గుడిని, పక్కింటివాళ్ళతో యాభై ఏళ్ళ కలిసిమెలిసి ఉండడాన్ని వదులుకోవాలి. ఆవిడని నేను బాప్తిస్మం అడగలేదు. అడగాలనిపించలేదు కూడా.

మునుగోడు వైపు ఒక గౌడ కుటుంబం. ఆ ఇంటావిడ చెల్లెలు హైదరాబాదులో మా సభ్యురాలు. గుమ్మం పక్కన తాటిచెట్టెక్కే మోకు, ముస్తాదు వేలాడుతుండేవి, పొద్దున దింపిన కల్లు లొట్లు నీడన ఉండేవి. జ్ఞాన వాక్యం పాఠం ఆ ఇంట్లో చెప్పడమంటే ఏంటో ఆలోచించండి. ఆజ్ఞ తాగడం గురించి. ఆ ఇల్లు నడిచేది తాటిచెట్టు మీద. ఆ పాఠానికి ముందే మేం సంఘ నాయకుడితో మాట్లాడాం, ఆ పెద్దమనిషితోనూ విడిగా మాట్లాడాం. ఆయన దాపరికం లేకుండా అడిగాడు: ‘చెట్టెక్కుడు బంద్ జేస్తే నా పిల్లల ఫీజులు ఎవరు గట్టాలె బిడ్డా?’ ఆయన ప్రశ్న పూర్తిగా న్యాయమైంది. అక్కడ కల్లు తాగడానికి మాత్రమే కాదు. బోనాలకి కావాలి, మనిషి పోయినప్పుడు మూడోనాడు పిట్టకు పెట్టడానికి కావాలి. అది ఆపితే ఆయన ఊరంతటికీ దూరమైపోతాడు. మేం ఆ ఇంట్లో బాప్తిస్మం మాట ఎత్తలేదు. భార్యకి మాత్రం ప్రార్థన నచ్చింది, పిల్లలతో కలిసి రాత్రిపూట చేసుకుంటామంది. చేసుకోమన్నాం. భర్తకి ఇష్టం లేకుండా భార్యకి బాప్తిస్మం ఇవ్వకూడదని మా నియమం. దాన్ని అడ్డంకి అనుకునే మిషనరీలున్నారు. నాకు మాత్రం మా నియమాల్లో బాగా నచ్చేవాటిలో అదొకటి.

అడగడమే మానేయమంటున్నానని అనుకోకండి. మహబూబ్‌నగర్‌లో ఒక ఆటో అన్న ఉండేవాడు. రోజూ సాయంత్రం క్వార్టరు, మధ్యలో గుట్కా. భార్య పనికి వెళ్ళి సంపాదించిందీ అందులోనే పోయేది. ఆ ఇంట్లో జ్ఞాన వాక్యం చెప్పడానికి నేను ఒక్క క్షణం కూడా సందేహించలేదు. అక్కడ దాని ఖరీదు ఒక అలవాటు, ఒక దోస్తుల గుంపు. దాని బదులు ఇల్లు దక్కుతుంది. ‘మానేస్తారా అన్నా?’ అని సూటిగా అడిగాం. తర్వాత రోజూ సాయంత్రం, అతను స్టాండ్ నుంచి ఇంటికి వచ్చే వేళకి, సభ్యుల్లో ఒకాయన ఫోన్ చేసేవాడు. మధ్యలో తప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, చివరికి మానేశాడు. దశమభాగం పాఠానికి ఆయన భార్యే ముందు సరేనంది. సారా దుకాణానికి పోయేదాంతో పోలిస్తే పదో వంతు ఎంతని ఆవిడ లెక్క. వాళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్న రోజు నాకు బాగా గుర్తు. ఖరీదు తెలిసి అడిగితే మాటలో ధైర్యం ఉంటుంది. తెలియనివాడే బతిమాలతాడు, లేదా ఒత్తిడి చేస్తాడు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ఇల్లు. పాలమూరు యూనివర్సిటీలో పీజీ చదివే ఒక చెల్లి. అమ్మానాన్నలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబై, పుణే వలసపోయి పని చేసి చదివించారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరిగిన మాటే. హాస్టలు, స్కాలర్‌షిప్ అన్నీ ఎస్సీ సర్టిఫికెట్ మీద. మోర్మన్ గ్రంథం మొదటి నుంచి చివరి దాకా చదివి, బాప్తిస్మం తానే అడిగింది. మాకు అంతకంటే సంతోషం ఏముంటుంది? కానీ ఆ సంతోషంలో చెప్పకుండా దాటవేయకూడనిది ఒకటుంది. 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వచ్చింది. క్రైస్తవులకి రాలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళని మన దగ్గర బీసీ-సిలో పెట్టారు, దానికి వాటా 1 శాతం. ఎస్సీల వాటా 15 శాతం. అట్రాసిటీ చట్టం రక్షణ కూడా పోతుంది.

చాలా సంఘాల్లో దీన్ని పట్టించుకోరు. సర్టిఫికెట్‌లో ఒకటి, బతుకులో ఒకటి, అందరూ చేసేదే అంటారు. ఆ మాట అనేవాళ్ళని నేను తప్పు పట్టను. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందనుకునే చట్టమే అన్యాయమైనదని నా నమ్మకం. బాప్తిస్మం తర్వాత కూడా ఊళ్ళో ఆ అమ్మాయి ఇల్లు అదే కాలనీలో ఉంటుంది, పెళ్ళి సంబంధాలు అదే లెక్కన వస్తాయి. ఈ ప్రశ్న చూడమని 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌తో కమిషన్ కూడా వేసింది. కానీ చట్టం మారేదాకా, మా ఆలయంలోకి వెళ్ళే ముందు ‘మీరు చేసే అన్నిటిలో నిజాయితీగా ఉండడానికి ప్రయత్నిస్తున్నారా?’ అని అడిగే సంఘంలోకి ఒక పిల్లని పిలుస్తూ, ఈ సంగతి దాచడం నాకు సాధ్యం కాదు. కంపానియన్, నేను, నకిరేకల్ అక్క ముగ్గురం కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ‘మీ నాయనతో మాట్లాడు, తొందర లేదు’ అన్నాం. ‘అయితే సర్టిఫికెట్ పోతదా అక్కా?’ అని రెండుసార్లు అడిగింది. ఇంటికి వెళ్ళి మాట్లాడింది. చదువు అయ్యేదాకా ఆగుతానంది. వీలైన ఆదివారాలు వచ్చి సంస్కారం, అంటే రొట్టె, నీళ్ళు పంచే ఆచారం, జరిగేటప్పుడు వెనక కూర్చునేది. మా రిపోర్టులో ఆమె పేరు బాప్తిస్మం తేదీ లేని వరసలోనే ఉండిపోయింది.

దీని మీద మా నాయకుల్లో ఒకాయన బాధపడ్డారు. ‘యేసు పిలిస్తే పేతురు చేపల వలలు వదిలేటప్పుడు ఖర్చు లెక్కేసుకున్నాడా సిస్టర్? మీరు విశ్వాసంతో అడగండి, దేవుడు దారి చూపిస్తాడు’ అన్నారు. ఆయన మంచి మనిషి. కానీ గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో అన్నది యేసే. వెంట వస్తున్న పెద్ద గుంపు వైపు తిరిగి ఆ మాట అన్నాడు. వచ్చేవాళ్ళని తగ్గించే మాట అది, అయినా చెప్పాడు. పేతురు వదిలినవి తన వలలు. పక్కవాడి వలలు వదలమని మనం చెప్పేటప్పుడు, ఆ వల మీద ఎంతమంది తింటున్నారో చూసి చెప్పాలి.

ఇక బయటివాళ్ళు. బియ్యం సంచికి మతం మారారని నల్గొండ బస్టాండులో మా ముందే అన్నవాళ్ళున్నారు. పైన చెప్పిన ఇళ్ళని చూసి చెప్పండి, ఎవరికి ఏం దక్కింది? మాతో వస్తే సంపాదనలో పదో వంతు ఇవ్వాలి, పత్తి ఏరే కాలంలో ఆదివారం కూలి వదులుకోవాలి, నెలకో ఆదివారం రెండు పూటలు పస్తుండి ఆ తిండి డబ్బు పేదలకివ్వాలి, దావత్‌లో గ్లాసు పక్కన పెట్టాలి, కొందరు సర్టిఫికెట్టే పోగొట్టుకోవాలి. ఇంత ఇచ్చి వచ్చే మనిషిని కొనుక్కున్నారనడం ఆ మనిషి బుద్ధిని అవమానించడం. ఆటో అన్న భార్య ఎవరికీ అమ్ముడుపోలేదు. ఆలోచించుకుని వచ్చింది. మత ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇస్తుంది, మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. నాకు ఆ తేడా ఇష్టమే. చెప్పడం నా పని, నిర్ణయం పూర్తిగా వాళ్ళది.

మా వాళ్ళని నేను కోరేది రెండు మార్పులు. ఆరు వారాలకో, పన్నెండు వారాలకో మిషనరీని మార్చేటప్పుడు తర్వాత వచ్చేవాళ్ళకి మేం అప్పగించే వివరాల్లో ఎవరికి ఎన్నో పాఠం అయింది, ఏ తేదీకి ఒప్పుకున్నారు అనేవే ఎక్కువ ఉంటాయి. ఆ ఇంట్లో ఎవరు సంపాదిస్తారు, దేని మీద బతుకుతారు, ఎవరికి చెప్పకుండా వింటున్నారు, ఏది వదిలితే ఏం పోతుంది అనేవి కూడా, వాళ్ళ అనుమతితో, రాయాలి. రాయలేకపోతే కనీసం ఆ ఇంటిని మనకి పరిచయం చేసిన సభ్యురాలితో కూర్చుని మాట్లాడించాలి. రెండోది, ఇక్కడికి వచ్చే కొత్త మిషనరీలకి మొదటి వారం బోధన పాఠాలు పక్కన పెట్టి, స్థానిక ఆడవాళ్ళ చేత శిక్షణ ఇప్పించాలి. నకిరేకల్ అక్క అందుకు ఒప్పుకుంది. కూర వండి పెడతానని, ఎవరింట్లో ఎలా కూర్చోవాలో దగ్గరుండి నేర్పిస్తానని చెప్పింది. వచ్చే ట్రాన్స్‌ఫర్లలో హయత్‌నగర్ వైపు పడ్డ సిస్టర్స్ ఎవరైనా ఇది చదివితే నాకు రాయండి, ఆమె నంబరు ఇస్తాను.